మలుపు దగ్గర రెండు దగ్గులు

ఈ మధ్య మా ఫ్లాట్‌లో తరచూ పాలు మాడుతున్నాయి. దీపాలు పెట్టే వేళకి నేను ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు దిగేసరికే ఆ వాసన గుమ్మం దాటి ఎదురొస్తుంది. స్టవ్ దగ్గర అమ్మ ఉండదు, బాల్కనీలో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటుంది. పాలు పొయ్యి మీద పెట్టి బాల్కనీలో ఏం చూస్తున్నావమ్మా అని నేను విసుక్కుంటాను, ఏమీ లేదే అంటుంది, గొణుక్కుంటూ గిన్నె తోముకోవడం నా వంతు. పెద్దవాళ్లున్న ఇళ్లలో మామూలుగా జరిగేదే ఇది. కానీ మాడిన పాల వాసన ముక్కుకి తగిలితే దాని వెనకాలే నాకు ఇంకో వాసన కూడా వస్తుంది. వేడెక్కిన ఇంజన్ ఆయిలూ, కిరసనాయిలూ, గంజి పెట్టిన కొత్త చీరలూ కలిసిన వాసన అది. ఇంట్లో ఇంకెవరికీ రాదు. మా ఆయనైతే ముక్కు డాక్టరుకి చూపించుకోమంటాడు.

మా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, మేం పటమటలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. నాన్నదీ బాబాయిదీ ఉమ్మడి కాపురం, ఉమ్మడి వ్యాపారం. వన్‌టౌన్‌లో చిన్న బట్టల కొట్టు ఉండేది. నాన్న కొట్లో కూర్చునేవాడు. బాబాయి మంగళగిరి నేత చీరలు మూటలు కట్టించి, కారు డిక్కీలో వేసుకుని, ఒకరోజు చల్లపల్లి వైపు, ఇంకోరోజు హనుమాన్ జంక్షన్ మీదుగా ఏలూరు వైపు తిరిగి షాపులకి వేసి వచ్చేవాడు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, బాబాయి భార్య సరళ పిన్ని, నేను. బాబాయికి పిల్లల్లేరు కాబట్టి రెండు కాపురాల గారాబమూ నా ఒక్కదాని మీదే కురిసేది, దాంతో వచ్చిన మొండితనం నాకు ఇప్పటికీ వదల్లేదని అమ్మ అంటుంది.

మా వీధి మొదట్లో పాలకేంద్రం దగ్గర ఒక మలుపు ఉండేది. ఆ మలుపు తిరిగిన బండి మా గేటు దాకా వచ్చేలోపు మా ఆడవాళ్లు ఎన్ని పనులు చక్కబెట్టేవాళ్లో చెబితే ఈ కాలం పిల్లలు నమ్మరు. చప్పుడుని బట్టి వచ్చేది ఎవరో చెప్పేసేవాళ్లు. నాన్న స్కూటరు ముక్కు దిబ్బడ పట్టినట్టు వచ్చేది. ఎదురింటి మాస్టారి మోపెడ్ కీచుమనేది. బాబాయి అంబాసిడర్ మలుపు దగ్గర గేరు తగ్గించినప్పుడు రెండుసార్లు చిన్నగా దగ్గేది, పెద్దమనిషి గుమ్మంలో గొంతు సవరించుకున్నట్టు, ఆ తర్వాత గేటు దాకా సన్నగా కూనిరాగం తీసేది. ఆ రెండు దగ్గులూ వినపడగానే పిన్ని పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, కుండలో నీళ్లు గ్లాసుతో ముంచుకుని వరండాలోకి వచ్చేది. బాబాయి నీళ్లు తాగి, పెరట్లో కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పాలు పొంగేవి, డికాక్షన్ దిగి ఉండేది. తాతయ్య రోజుల్లో నాయనమ్మా ఇలాగే చేసేదట. ఎవరి మగవాడి చప్పుడుకి వాళ్లే పొయ్యి వెలిగించుకోవాలి, ఒకరి చప్పుడుకి ఇంకొకరు లేవకూడదు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు గానీ మా ఇంట్లో అందరూ పాటించేవాళ్లు.

బాబాయి డిక్కీ తెరిస్తే అది ఏ నెలో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. మామూలు రోజుల్లో గంజి వాసన. ఎండాకాలంలో నూజివీడు రసాలు గడ్డిలో పేర్చి తెచ్చేవాడు, ఆ తర్వాత నెల్లాళ్లపాటు చీరలు కూడా మామిడిపండు వాసన వేసేవని షాపులవాళ్లు నవ్వేవాళ్లట. ఆవకాయ రోజుల్లో పుల్లటి కాయలూ, ఘాటు తగ్గని కొత్త కారమూ, వానాకాలంలో మూటల మీద కప్పిన తడి గోనెపట్టా, శ్రావణంలో తమలపాకుల కట్టలూ, దసరాకి బందరు లడ్డూల అట్టపెట్టెలూ, వాటి అడుగున నెయ్యి మరకలూ. సెలవురోజున నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బందరు కాలువ గట్టున తిప్పేవాడు. ఒక పక్క నిండుగా కాలువ, ఇంకోపక్క పచ్చటి వరి, మధ్యలో మా కారు, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టొద్దని బాబాయి కేకలు. నేను పెట్టేదాన్ని.

పెరట్లో రేకుల షెడ్డు కింద ఇంకో కారు ఉండేది, తాతయ్యది. అదీ అంబాసిడరే గానీ బాబాయి కారు కంటే ఒక తరం ముందుది. నాన్నా బాబాయీ డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. తాతయ్య పోయాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పాత దుప్పట్లు కప్పుకుని, చక్రాల్లో గాలి లేకుండా పడుండేది. ఒళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంజనే పాడైపోయింది, ఎప్పుడైనా స్టార్ట్ చేస్తే వీధంతా నీలం పొగ కమ్మేది. పక్కింటి పిల్లలూ నేనూ అందులో కూర్చుని, కదలకుండానే తిరపతి కొండ దాకా వెళ్లొచ్చేవాళ్లం.

బాబాయి పోయింది ఒక శుక్రవారం. హనుమాన్ జంక్షన్‌లో టీకొట్టు ముందు కారు ఆపి, టీ గ్లాసు చేతిలో ఉండగానే కూలిపోయాడట. గుండెపోటు. మా ఇంట్లో ఫోను లేదు. అక్కడ టైర్ల షాపాయన బాబాయికి బాగా తెలుసు, ఆయన మా కొట్టుకి ఫోన్ చేస్తే నాన్న అటునుంచి అటే ఆస్పత్రికి పరిగెత్తాడు. కారు రోడ్డు మీద వదిలేయడం బాగుండదనీ, ఇంట్లోవాళ్లకి కబురు చెప్పినట్టూ ఉంటుందనీ ఆ టైర్ల షాపాయన దాన్ని తనే నడుపుకుంటూ మా ఇంటికి తీసుకొచ్చాడు. సాయంత్రం, రోజూ బాబాయి వచ్చే వేళకే. నేను వరండాలో హోంవర్క్ చేసుకుంటున్నాను. మలుపు దగ్గర రెండు దగ్గులు వినిపించాయి. లోపల పిన్ని అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా విన్నాను.

పిన్ని గ్లాసుతో మెట్ల మీదికి వచ్చింది. కారు తలుపు తెరుచుకుని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి దిగాడు. తాళాలు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడి పిన్ని మొహంలోకి చూశాడు. పిన్ని అలవాటు కొద్దీ చాచిన గ్లాసు తీసుకుని గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు పట్టుకుని ఏడ్చాడు. లోపల పాలు పొంగి, పొంగిందంతా మాడి, ఆ వాసన ఇల్లంతా నిండిపోయింది. ఎవరూ వెళ్లి గిన్నె దించలేదు. చావు వాసన అంటే నాకు ఇప్పటికీ అగరొత్తులు కాదు, ఆ మాడిన పాలే.

తర్వాత చాలాకాలం మా ఇంట్లో ఏ చప్పుడుకీ ఎవరూ లేవలేదు. పిన్ని గేటు దాటేది కాదు, పిలిస్తే పలికేది, పెడితే తినేది. బాబాయి కారు పెరట్లో షెడ్డు బయట ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉండిపోయింది, దాన్ని తుడవడానికి కూడా ఎవరికీ చెయ్యి ఆడలేదు. ఆ ఏడాది తుపానుకి పక్కింటి కొబ్బరిచెట్టు విరిగి సరిగ్గా దాని మీదే పడింది. పైకప్పు స్టీరింగు దాకా కుంగిపోయింది. ముందున్న ఇంజన్‌కి మాత్రం దెబ్బ తగల్లేదు. అటు చూస్తే కొట్టు నడవాలంటే ఎవరో ఒకరు ఊళ్లు తిరగాలి, నాన్న స్కూటరు మీద చీరల మూటలు పట్టవు. మా పెరట్లో ఒళ్లు బాగుండి ప్రాణం లేని కారొకటి, ప్రాణం ఉండి ఒళ్లు పోయిన కారొకటి. నాన్న కొన్నాళ్లు ఆ రెండింటి మధ్యా నిలబడి ఆలోచించి, ఒక ఆదివారం ఆటోనగర్ బయల్దేరాడు.

ఆటోనగర్‌లో ఖాసిం గారి షెడ్డు నాకు ఇష్టమైన చోట్లలో ఒకటి. తాతయ్య కాలం నుంచి మా బళ్లు ఆయనే చూసేవాడు. నాన్న ఎప్పుడు వెళ్లినా నేను వెంటబడేదాన్ని. నేలంతా నూనె తాగి నల్లగా నిగనిగలాడేది. సుత్తి దెబ్బలూ, గ్రైండింగ్ రవ్వలూ, పక్క షెడ్డులో రేడియో, వీటన్నిటి మధ్య ఖాసిం గారు తెల్లటి బనీను మీద ఒక్క మరక పడకుండా ఎలా పనిచేసేవాడో నాకు అర్థమయ్యేది కాదు. అరిగిపోయిన బేరింగుల్లోంచి తీసిన ఉక్కు గోళీలు నాకిచ్చేవాడు, వాటితో అచ్చంగిల్లాలు ఆడితే మా వీధిలో నన్ను గెలిచేవాళ్లు లేరు. పెద్ద వాషర్లు తొక్కుడుబిళ్లకి పనికొచ్చేవి. రంజాన్‌కి ఆయనింటి నుంచి క్యారేజీ నిండా సేమ్యా పాయసం వచ్చేది. అమ్మ ఆ క్యారేజీని ఖాళీగా పంపేది కాదు, పులిహోర నింపి పంపేది.

“ఇంజన్ మొత్తం ఎత్తి పాత కారులో పెట్టేద్దామా ఖాసిం గారూ?” అని నాన్న అడిగాడు.

“పెట్టొచ్చండీ. కాకపోతే ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటదండీ. బ్లాకు మారిందంటే మళ్లీ ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. బ్లాకు పెద్దాయనదే ఉంచి, అరిగిన చోట బోరు చేయిద్దాం. పైన హెడ్డూ, కార్బురేటరూ, సైలెన్సరూ తమ్ముడుగారివి వేద్దాం. తరం మారినా అంతా ఒక ఇంటి బండ్లే గదండీ, పడతయ్యి.”

ఇంజన్‌లో కింద ఉండే బరువైన భాగం బ్లాకు. దాని మీద మూతలా కూర్చునేది హెడ్డు. రెండిటి మధ్యా నీళ్లూ మంటా కలిసిపోకుండా ఒక పల్చటి రేకు, గ్యాస్కెట్ అంటారు. బండి పనిచేసేది ఈ మూడిటి పొందిక మీద. ఇదంతా నాన్న ఇంటికొచ్చే దారిలో స్కూటరు ఆపి మరీ నాకు చెప్పాడు. “కింద మా నాన్న, పైన మా తమ్ముడు. నేను నడుపుతాను,” అని నవ్వాడు. బాబాయి పోయాక నాన్న నవ్వడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంట్లో మాత్రం తాతయ్య కారు బాగుచేయిస్తున్నానని చెప్పి ఊరుకున్నాడు. దాచాలని కాదు, పైన ఏ హెడ్డు వేస్తున్నాడో ఆడవాళ్లకి చెప్పాల్సిన సంగతని ఆయనకి తోచలేదు.

ఖాసిం గారికి ఒక నియమం ఉండేది. పోయినవాళ్ల బండి విప్పేటప్పుడు మొదటి బోల్టు తను ముట్టుకునేవాడు కాదు, ఆ ఇంటివాళ్ల చేత వదులు చేయించేవాడు. “మాకు పార్టు అండీ, మీకు మనిషి,” అనేవాడు. బాబాయి ఇంజన్‌ని గొలుసుతో పైకెత్తి బల్ల మీద పెట్టాక నాన్న చేతికి స్పానర్ ఇచ్చాడు. నాన్న చాలాసేపు బోల్టు మీద స్పానర్ పెట్టి నిలబడ్డాడు. అది వదులైనప్పుడు నాన్న మెడ వెనక నరం కదలడం నాకు కనిపించింది.

విడిభాగాలన్నీ కిరసనాయిలు తొట్టిలో స్నానం చేశాయి. రెండు కార్ల ముక్కలూ ఒకే గోనెపట్టా మీద ఆరబెడితే ఏది తాతయ్యదో ఏది బాబాయిదో నేను చెప్పలేకపోయేదాన్ని, ఖాసిం గారు చెప్పేవాడు. హెడ్డు తెచ్చి బ్లాకు మీద కూర్చోబెట్టినప్పుడు మాత్రం ఆయన మొహం కొంచెం ముడుచుకుంది. నీళ్లు పోయే దారులు కింద ఒకచోట ఉంటే పైన కాస్త పక్కకి జరిగి ఉన్నాయి. “సర్దుతా లెండి,” అని గ్యాస్కెట్‌ని చేత్తో కత్తిరించి, రంధ్రాలు పెద్దవి చేసి, మధ్యలో ఎర్రటి జిగురు రాసి బిగించాడు. బండి స్టార్టయింది. నాన్న, ఖాసిం గారు, పక్క షెడ్డు వాళ్లు అందరూ బానెట్‌లో తలలు పెట్టి విని, బ్రహ్మాండంగా ఉందన్నారు. మగవాళ్లు బానెట్ దగ్గర వింటారు. అదే చప్పుడు వంటింట్లోంచి వింటే ఎలా ఉంటుందో ఒక్కరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం నేను ముందు సీట్లో ఉన్నాను. తాతయ్య కారుకి కొత్త రంగు వేశారు, సీట్లకి కొత్త రెక్సిన్. మలుపు దగ్గర నాన్న గేరు తగ్గించాడు. కారు రెండుసార్లు దగ్గింది. స్టీరింగు మీద నాన్న చేతులు బిగుసుకుపోయాయి. ఆపుదామన్నా అక్కడ ఆపడానికి లేదు, కారు కూనిరాగం తీసుకుంటూ గేటు దాకా వెళ్లిపోయింది. మెట్ల మీద పిన్ని నిలబడి ఉంది. చేతిలో గ్లాసు. ఆ క్షణంలో ఆమె మొహం ఎలా ఉందంటే, నాకు భయం వేసి వెనక సీటు వైపు తిరిగి చూశాను. నిజంగా అక్కడ బాబాయి ఉన్నాడేమోనని.

నాన్న తలుపు తీసి దిగాడు. పిన్ని మొహంలో వెలుగు ఆయన చూస్తుండగానే ఆరిపోయింది. అయినా ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాన్న గ్లాసు అందుకుని మొత్తం తాగాడు. “పాలు పెట్టాను బావగారూ,” అంది పిన్ని, మామూలుగా. ఆమె వెనక వంటింటి గుమ్మంలో అమ్మ అగ్గిపెట్టె పట్టుకుని నిలబడిపోయింది.

ఇక పిన్ని మంచం పడుతుందని అందరం అనుకున్నాం. జరిగింది వేరు. మర్నాటి నుంచి ఆమె లేచి తిరగడం మొదలుపెట్టింది. పొద్దు వాలే వేళకి మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకునేది. నా జడలు వేసేది, జడ వేస్తూ మాట్లాడేది. సంక్రాంతికి అరిసెల పాకం ఆమే పట్టింది. ఆ రెండు దగ్గులు వినబడినప్పటి నుంచి కారు గేటు ముందు ఆగేదాకా, ఆ కాస్సేపటి కోసమే రోజంతా బతికేది. కారు ఆగిన తర్వాత మళ్లీ రేపటి సాయంత్రం దాకా ఓపిక పట్టేది. ఆ చప్పుడు బాబాయిదా నాన్నదా అన్నది మా ఇంట్లో ఎవరం తేల్చుకోలేకపోయాం. నాయనమ్మ ముక్కుపొడుం పీలుస్తూ, “ఆ దగ్గేదాన్ని తీయించి పారెయ్యరా, బతికున్నవాళ్లకి మంచిది కాదు,” అని నాన్న మీద కసిరేది. అమ్మ ఆ వేళకి మల్లెపూలు ముందేసుకుని కూర్చునేది, పూలు లేని కాలంలో ఏ బియ్యమో ఏరేది. తన పొయ్యి మీద వేరేవాళ్లు పాలు పెడుతుంటే తల ఎత్తకుండా ఉండటానికి ఆడదానికి ఏదో ఒక పని కావాలి గదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు నాకు పిన్నే లోకం, అమ్మ వైపు చూడలేదు.

నాన్నలో ఒక మార్పు వచ్చింది. కారు ఆపాక వెంటనే దిగేవాడు కాదు. తలుపు సగం తీసి, ముందు పిన్ని మొహం చూసి, అప్పుడు దిగేవాడు. నీళ్లు తాగడానికి ఆయనకి దాహం ఉందో లేదో ఎవరూ అడగలేదు.

కొన్ని నెలలు బాగానే గడిచింది. ఆ తర్వాత రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోవడం మొదలైంది. నాన్న చల్లపల్లి రోడ్డు మీద ఆగిపోయి, కాలువలోకి దిగి డబ్బాతో నీళ్లు ముంచి పోసుకుంటూ ఇల్లు చేరేవాడు. ఇంజన్‌లో నూనె తీసి చూస్తే నీళ్లు దిగి, పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఖాసిం గారు గ్యాస్కెట్ మార్చాడు. మళ్లీ పోయింది. హెడ్డు సాన పట్టించి మళ్లీ వేశాడు. మళ్లీ పోయింది. చివరికి ఒక ఆదివారం స్పానర్ కింద పెట్టేసి నాన్న పక్కన కూర్చున్నాడు.

“నాదేనండీ పొరపాటు. సర్దితే సర్దుకుంటాయనుకున్నా. పైది దాని దారిలో నీళ్లు పంపుద్ది, కిందది దాని దారిలో తీసుకుంటది. పెద్దాయన పాత హెడ్డే బాగుచేయించి వేస్తే బండి ఏళ్ల తరబడి తిరుగుద్ది. తమ్ముడుగారిదే ఉంచితే బ్లాకు పగులుద్ది. రెండూ నిలవ్వండీ.”

“ఇంకొక్కసారి గ్యాస్కెట్ మార్చి చూడండి ఖాసిం గారూ,” అన్నాడు నాన్న. బండి లేకపోతే కొట్టు లేదని ఆయనకి తెలుసు. ఆ చప్పుడు లేకపోతే పిన్ని మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటుందని కూడా తెలుసు. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, జడ వేయించుకుంటూ పిన్నికి అంతా చెప్పేశాను. ఆమె వేళ్లు ఆగాయి. మళ్లీ అల్లడం మొదలుపెట్టింది గానీ ఆ రోజు జడ చాలా బిగుతుగా వచ్చింది.

మర్నాడు పొద్దున నాన్న బయల్దేరుతుంటే పిన్ని చెప్పులేసుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. గేటు దాటక ఎంతకాలమైందో. నేను బడి మానేసి ఎక్కేశాను. మలుపు దగ్గర పిన్ని చెవి ఒగ్గి విన్నది. “లోపల కూర్చుంటే అలా వినపడనే వినపడదే,” అంది నాతో, ఆశ్చర్యంగా. షెడ్డులో ఖాసిం గారు స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

“తీసేయండి ఖాసిం గారూ,” అంది.

“తొందరేం లేదమ్మా సరళా. ఇంకో గ్యాస్కెట్ వేయిస్తే…” అంటున్నాడు నాన్న.

“వద్దు బావగారూ.”

ఖాసిం గారు బానెట్ ఎత్తి, స్పానర్ గుడ్డతో తుడిచి ఆమెకి ఇచ్చాడు. నియమం గుర్తుండే ఇచ్చాడు. బోల్టు ఒకపట్టాన కదల్లేదు. నాన్న చెయ్యి వేయబోతే, “నేనే,” అంది. చీర కొంగు బొడ్లో దోపుకుని, రెండు చేతులతో, ఒళ్లంతా బరువు వేసి తిప్పింది. టక్కున వదిలింది. బాబాయిని తీసుకెళ్లిన రోజు నన్ను పక్కింట్లో ఉంచేశారు కాబట్టి ఏమీ చూడలేదు. నా మటుకు నాకు బాబాయి పోయింది ఆ పొద్దున, ఆటోనగర్‌లో. నేను గట్టిగా ఏడ్చాను. పిన్ని ఏడవలేదు, చేతులకంటిన నూనె ఖాసిం గారిచ్చిన సబ్బుపొడితో శుభ్రంగా కడుక్కుంది.

పాత హెడ్డుతో కారు తిరిగొచ్చిన సాయంత్రం మలుపు దగ్గర ఏ చప్పుడూ రాలేదు. ఉన్నట్టుండి గేటు ముందు బండి ఆగిన అలికిడి అయింది. పిన్ని చిక్కుళ్లు తుంచుతోంది, తలెత్తలేదు. అమ్మ ఒక్క క్షణం పిన్ని వైపు చూసి, గబగబా లేచి పొయ్యి వెలిగించింది. నాన్న చాలాసేపు కారులోనే కూర్చున్నాడు. ఆ రోజు ఆయన కాఫీ ఆలస్యమైంది.

మేం భయపడ్డట్టు పిన్ని గోడవైపు తిరగలేదు. కొన్నాళ్లకి కొట్టుకి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. బాబాయి హెడ్డుని ఎవరో టాక్సీ ఆయన తన బండికి సరిపోతుందని తీసుకెళ్లాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు, బజార్లో అంబాసిడర్ ఏదైనా గేరు తగ్గిస్తే పిన్ని మాట మధ్యలో ఆగి అటు తిరిగేది. అది ఏ ఊరి రోడ్ల మీద తిరిగిందో, ఏ ఇంటి మలుపు దగ్గర దగ్గిందో.

నేను డిగ్రీ చదివేటప్పుడు, కొట్లో చీరలు మడతపెడుతూ ఆమెని అడిగాను, ఆ రోజు తీసేయమని ఎందుకన్నావని. “ఆ చప్పుడుకి మీ బాబాయి గేటు దాకా నిజంగా వచ్చేసేవాడే,” అంది. “దిగేది మీ నాన్న. తలుపు తీసి ముందు నా మొహం చూసేవాడు. తను దిగినందుకు తప్పుచేసిన మనిషిలా నిలబడేవాడు. పగలంతా ఎండలో తిరిగి ఇంటికొచ్చినాయన్ని రోజూ అట్టా ఎన్నాళ్లు నిలబెడతాం?” అని చీర అంచు సరిచేసి ఇంకోటి అందుకుంది. ఇప్పుడు మంగళగిరిలో సొంతంగా చీరల కొట్టు నడుపుతోంది. తల పూర్తిగా నెరిసింది.

నాన్న ఆ కారుని రెండువేల సంవత్సరం దాటాక కూడా చాలాకాలం నడిపాడు. తర్వాత అదీ పోయింది, కొన్నాళ్ల క్రితం నాన్నా పోయాడు. ఆ వీధిలో పాలకేంద్రం లేదు, పెంకుటిళ్లు లేవు, మలుపు కూడా రోడ్డు వెడల్పు చేసినప్పుడు తిన్నగా అయిపోయింది. ఆటోనగర్‌లో ఖాసిం గారి షెడ్డు ఉన్నచోట ఎవరో కార్ల సీటు కవర్లు అమ్ముతున్నారు. మా కారు బ్యాటరీ కారు, గుమ్మం ముందు నిలబడినా వచ్చినట్టు తెలియదు. మొన్న మా అబ్బాయికి బాబాయి కారు దగ్గు చేసి చూపించాను, నోటితో, అచ్చం అలాగే వచ్చింది. “మరి తాతయ్య కారు?” అన్నాడు, వాడి తాతయ్య అంటే మా నాన్న. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నా చిన్నతనంలోనూ, ఆ తర్వాతా ఎన్నో ఏళ్లు, రోజూ సాయంత్రం నాన్న ఆ కారులోనే ఇంటికొచ్చాడు. ఆ చప్పుడు ఒక్కసారైనా విన్న గుర్తు లేదు.

బాల్కనీలో అమ్మ ఉంటే వెళ్లి అడిగాను.

“మలుపు దగ్గర ఏమీ అనేది కాదే ఆ బండి,” అంది అమ్మ. “గేటు ముందుకొచ్చాక, ఆపే ముందు ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కేవారు మీ నాన్న. అప్పుడు పాలు పెడితే ఏం లాభం, కాఫీ ఆలస్యమయ్యేది. ఆయన ఏమీ అనేవారు కాదనుకో. నాకే మనసొప్పక, పొద్దు వాలగానే అందాజుగా పాలు పెట్టేసి, వరండాలోకొచ్చి మలుపు వైపు చూస్తూ నిలబడేదాన్ని.”

ఆ మాట అని మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. లోపల్నుంచి పాలు మాడిన వాసన వస్తోంది. నేను వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చాను. కింద కార్లు ఒకదాని వెనక ఒకటి చప్పుడు లేకుండా వెళ్తున్నాయి, ఏది ఎవరిదో పైనుంచి తెలియడం లేదు.